సెలవు

ప్యారిస్ కార్నర్‌లో బస్సు దిగి
ఆ ఎర్ర గోడల్లోకి ఇరవయ్యారేళ్లుగా నడుస్తున్నాను.
నా పని చిన్నది.
తెలుగులో మొరపెట్టుకున్నవాళ్లను
ఇంగ్లీషులో నిలబెట్టడం.
కౌళ్లు, వీలునామాలు, అన్నదమ్ములు విడిపోయిన కాగితాలు,
మధ్యలో ఎప్పుడైనా ఒక తిట్టు.
దాన్ని కూడా ప్రమాణం చేసే రాయాలి.

ఈసారి వచ్చింది ఒక నీటిమర.

ఆరణి ఏటికి అటువాళ్లూ ఇటువాళ్లూ
చెక్‌డ్యామ్ కోసం దావా వేసుకుంటే
ఎగ్మోర్ దఫ్తరంలోంచి ఎవరో లాక్కొచ్చారు,
పురుగు తిన్న అర్జీ.
వ్యయ నామ సంవత్సరం, కార్తీకం.
తూపల్లి చెంగల్రాయుడు చేసుకున్న మనవి:

"జమీ ఒక గట్టు, కుంపిణీ ఒక గట్టు.
నడుమ ఏరు ఎవరి పద్దులోనూ లేదు.
అందులో మొలలోతు కట్ట వేసుకొని
ఒక రాయి తిప్పుకొని, రాగులు విసురుకొని
పదింట ఒక పాలు సర్కారుకు ఇచ్చుకుంటాను.
చేప ఎగబాకేందుకు మూడు జానల సందు వదులుతాను.
పై ఊరి నాట్లు మునిగితే నా ఎడ్లు జప్తు.
ఏటి వద్ద సెలవు పుచ్చుకున్నాను.
దొరవారు కూడా సెలవు దయచేయించవలెను."

సెలవు.
ఇక్కడ ఆగింది నా పెన్ను.

అవతలి సీనియర్‌కు తెలుగు కొంచెం వచ్చు,
అదే ప్రమాదం.
"ఏటి వద్ద సెలవు పుచ్చుకున్నాడంటే
ఏటిని విడిచి వెళ్లిపోయాడనేగా,
హక్కు అక్కడే పోయింది" అన్నాడు,
మైకు దిగే వక్తలా రెండు చేతులూ జోడించి.

మా జూనియర్ కయల్విళి, మైలాపూరు పిల్ల,
అక్షరాలు కూడబలుక్కుని కళ్లు పెద్దవి చేసింది.
"సెలవంటే ఖర్చు కదా మేడం!
ఏరు ఇచ్చిందా ఆయనకు డబ్బులు?"
నవ్వాం. కాసేపటికి నాకు నవ్వు రాలేదు.
మా అమ్మమ్మ పద్దుల్లోనూ అంతే,
ఉప్పుకు సెలవు అణా, చింతపండుకు సెలవు బేడ.

అనుమతి, వీడుకోలు, ఖర్చు.
ఒక్కసారి నోరు తెరిచి మూడూ అనేసినవాణ్ణి
ఏ గడిలో కూర్చోబెట్టను?

అర్జీ వెనక వేరే చేతిరాత, వేరే సిరా.
ఆయనకెంత తీరిక లేదో, రెండే మాటలు:
సెలవు లేదు.

అనుమతి లేదు, సరే.
వీడుకోలు లేదు, అదీ నిజమేనేమో.
ఖర్చు లేదనడం మాత్రం శుద్ధ అబద్ధం.
ఆ కాగితం రాయించడానికే
ఒక పెయ్యదూడ అమ్ముకుని ఉంటాడు.

కట్ట అడుగున ఒక ఫోటో.
కొత్త పునాదికి పొక్లెయిన్ తవ్వుతుంటే
బయటపడ్డ సగం మరరాయి.
కొలతకని పక్కన అగ్గిపెట్టె పెట్టారు.
గంట్లు ఒక్కటీ మిగల్లేదు,
చంటిపిల్ల నుదురంత నునుపు.
అంత నునుపు తేలాలంటే
ఎన్ని పుట్ల రాగులు, ఎన్ని కార్తీకాలు,
ఎంత నీరు,
సెలవు లేకుండానే!
దాన్ని తర్జుమా చెయ్యమని
నన్నెవరూ అడగలేదు.

సెలవును సెలవుగానే ఉంచి
కింద మూడు వరుసల ఫుట్‌నోట్ రాశాను.
జడ్జిగారు కళ్లజోడు పైనుంచి చూశారు.
"మూడింటిలో ఏది?"
"రాసినవాడు ఒక్కటే రాశాడు" అన్నాను.
ఆయన నోట్ చేసుకున్నారు.
వాయిదా పడింది,
వేసవి సెలవుల తర్వాతకు.

బయట ఎండ.
దీపం లేని పాత లైట్‌హౌసు నీడలో
ఇద్దరు గుమాస్తాలు నిమ్మరసం తాగుతున్నారు.
పన్నెండు వేల లీటర్ల నీళ్ల లారీ
బ్రాడ్వే వైపు మలుపు తిరిగింది,
వెనక కుళాయి సరిగా కట్టలేదు,
దారంతా కారుకుంటూ.
వేలెడు సందు.
అందులోంచి చేప పట్టదు.