ఒక సున్నా తక్కువ

తిరుపతి డిపో వెనక, టైర్ల షెడ్డుకు ఆనుకుని
ఒంటి కిటికీ గది. అదే నా ల్యాబ్.
కొండ దిగొచ్చిన బస్సులు
తలా ఓ సీసాడు నల్లనూనె నాకు పంపుతాయి,
మూతికి ప్లాస్టర్, ప్లాస్టర్ మీద బండి నంబరు.

సరిగ్గా నూరు డిగ్రీల తొట్టిలో
గాజుగొట్టం నిలబెడతాను.
మొదటి గీత దాటగానే గడియారం నొక్కుతాను,
రెండో గీత దగ్గర మళ్లీ.
ఈ మధ్యలో తుమ్మకూడదు,
చెంగల్రాయుడు మేస్త్రి తలుపు తోసి
"టీ తాగినావా మేయ్" అన్నా పలకకూడదు.

కొత్త నూనెకి రెండొందల డెబ్బయ్యారు సెకన్లు.
గొట్టం మీద చెక్కిన అంకెతో హెచ్చవేస్తే
పదమూడు పాయింట్ ఎనిమిది సెంటీస్టోక్స్.
పదకొండేళ్లుగా ఎరిగిన అంకె అది,
ఎదురింటి మనిషి లాగా.
నీళ్లది ఒకటి. కొబ్బరినూనెది పాతిక దాటుతుంది, ఎండని బట్టి.
నా లోకం ఆ మధ్యలోనే తిరిగేది.

ఈ వేసవిలో పైఆఫీసు కొత్త ఫారం పంపింది.
ఇకమీద అన్నీ చదరపు మీటర్లలోనే, సెకనుకు ఇన్నని.
నేనేమన్నా గచ్చు కొలుస్తున్నానా సార్?
సెంటీస్టోక్స్ నూరైతే ఒక స్టోక్,
స్టోకులు పదివేలైతే ఆ చదరపు మీటరు.
మొత్తం పది లక్షలు.
నా పదమూడు పాయింట్ ఎనిమిది
బిందువు దాటి నాలుగు సున్నాల వెనక
పెళ్లి ఫొటోలో చివరి వరుస పిల్లాడిలా
తల మాత్రం కనబడేట్టు నిలబడింది.

అంత పెద్ద కొలత ఎవరికి కావాలి?
పూతలపట్టు గానుగ దగ్గర దొరసామికి కావాలేమో.
చిన్నప్పుడు చూశాను, పెనం అంచున గరిటె ముంచి ఎత్తి
జారే తీరును బట్టి చెప్పేవాడు:
ఇది లేత. ఇది తీగ. ఇది ఉండ. ఇంక దించండి.
ఒక పాకం నుంచి ఇంకో పాకానికి మార్చడానికి
ఆయన సున్నాలు రాయలేదు,
పొయ్యిలోకి ఇంకో మోపు చెరుకుపిప్పి తోశాడు, అంతే.
గరిటెను వదలనని మొండికేసే ఆ చివరి బొట్టుకి
పది లక్షలు ఉంటాయో ఉండవో,
నా గొట్టంలో పోస్తే మాత్రం
నేను రిటైరయ్యేదాకా రెండో గీత దాటదు.

మంగళవారం ఘాట్ బండి సీసా వచ్చింది.
నూట తొంభై రెండు సెకన్లకే జారిపోయింది.
తొమ్మిది పాయింట్ ఆరు.
ఫారంలో సున్నాలు పేర్చాను: ఒకటి, రెండు, మూడు, నాలుగు.
ఐదోది పెట్టే లోపల కరెంటు పోయింది.
వచ్చాక, పెట్టాననుకున్నాను.

రెండ్రోజులకు పైఆఫీసు నుంచి ఫోను.
"తొంభై ఆరు వస్తోంది, అది నూనేనా తల్లీ, బెల్లంపాకమా?"
నవ్వాను. ఫోను పెట్టాక నవ్వు మిగల్లేదు.
కాగితం మీద చిక్కగా ఉన్న ఆ బండి
పలచటి నూనెతో కొండెక్కుతూ ఉంటుందని
పరుగున షెడ్డుకు పోయాను.

అది గుంత మీదే ఉంది, బానెట్ ఎత్తి.
చెంగల్రాయుడు మంగళవారమే ఆపేశాడట.
డిప్‌స్టిక్ కొసన వేలాడే చుక్కను
బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది,
వేళ్లు విడదీసి, వెలుతురుకి పట్టి చూపించాడు.
"తీగ సాగలా. డీజిల్ దిగింది ఇందులోకి. వాసన చూడు."
తీగ, అన్నాడు.
ఆయన ఏ గానుగ దగ్గర నిలబడ్డాడో నేను అడగలేదు.

పుస్తకంలో దీన్ని స్నిగ్ధత అంటారు.
స్నేహమన్నా నూనె అనే అర్థమట, ఒకప్పుడు.
ఆయన వేళ్లకి ఆ మాట తెలీదు,
నా ఫారంలో దానికి గడి లేదు.

గదికొచ్చి తప్పు కొట్టేశాను.
ఐదో సున్నాను కొంచెం పెద్దగానే రాశాను,
పక్కన పొడి అక్షరాల సంతకం, తేదీ.
గొట్టాన్ని రెండుసార్లు కడిగి బోర్లించాను.
లోపలి గోడకి ఇంకా సన్నటి నల్లపొర,
దిగుతూనే ఉంది.