పాయింట్ ఒకటి తేడా

నా పని ఉక్కు జ్వరం చూడటం.
ఆస్ట్రావాలో, మూడో నంబరు కొలిమి దగ్గర,
పొడుగాటి కడ్డీ చివర కొలత ముక్క తొడిగి
సలసల కాగే లోహంలో గుచ్చుతాను.
నాలుగు సెకన్లు. 1612.
ముక్క కాలిపోతుంది. ఇంకోటి తొడుగుతాను.
మూడు డిగ్రీలు అటూ ఇటూ అయినా
ఉక్కు ఏమీ అనుకోదు.

అపొలేనాకి పదకొండు వారాలు.
ఆదివారం రాత్రి పాలు పట్టలేదు.
ఏడవనూ లేదు. భయం అక్కడ మొదలైంది.
జ్డిస్లావా దాని మెడ వెనక చెయ్యి పెట్టి
"కాస్త వెచ్చగా లేదూ?" అంది.
నేనూ పెట్టాను.
ఇరవై ఏళ్లు కొలిమి ముందు కాగిన చెయ్యి,
దానికి లోకమంతా చల్లగానే తగులుతుంది.

ఇంట్లో థర్మామీటర్లకేం తక్కువ లేదు.
నుదుటికి గురిపెట్టేది, మా అక్క బహుమతి: 36.9.
చెవిలో పెట్టేది, సగం ధరకి దొరికింది: 38.4.
పాలపీకలా ఉండే మూడోదాన్ని
పిల్ల నాలుకతో బయటికి నెట్టేసింది.
ఒక్క ఒంటి మీద
ఎవడి సాక్ష్యం వాడిది.

మా అమ్మ దగ్గర గాజుది ఉండేది.
విదిలించేటప్పుడు ఆమె మణికట్టు
కొరడాలా ఝళిపించేది.
నా ఆరో ఏట అది పగిలింది.
నేల మీద పాదరసం బొట్లు పరుగెడుతుంటే
మేం కాగితం ముక్కలతో తరిమాం, ఎంత ముద్దుగా ఉన్నాయో!
అమ్మ మమ్మల్ని జుట్టు పట్టుకుని బయటికి లాగింది,
కిటికీలన్నీ బార్లా తెరిచింది,
సాయంత్రం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

రాత్రి మందుల షాపుకి ఒక కిటికీ, ఒక గంట.
హెడ్వికా గారు కళ్లజోడు వెతుక్కుంటూ వచ్చారు.
ఏం కావాలని అడగలేదు,
"ఎన్ని వారాలు?" అన్నారు.
చెప్పాను.
"ఆ చెవి దారి ఇంకా గడ్డిపరకంత. దాన్ని అడక్కండి.
నుదురు గదిలో గాలి సంగతి కూడా చెప్పేస్తుంది.
ఈ వయసుకి నమ్మకమైన చోటు ఒక్కటే ఉంది."
ఆ చోటు పేరు ఆవిడ మామూలుగా అన్నారు.
ఎర్రబడింది నేను.

అన్నిటికన్నా ఖరీదైనది చూపించమన్నాను.
అన్నిటికన్నా చవకది తీశారు:
మెత్తగా వంగే కొన, వెనక బాతు బొమ్మ,
చిల్లరతో సరిపోయింది.
"38 చూపిస్తే తెల్లారేదాకా ఆగకండి,
ఆస్పత్రికి బయల్దేరండి."
కిటికీ మూసి, మళ్లీ తెరిచారు.
"కొనకి కాస్త వాజలీను రాయండి, నాయనా."

37.6.
గంటకి ఒకసారి: 37.7. 37.7. 37.5.
ఆ రెండో 37.7 దగ్గర
జ్డిస్లావా కోటు వేసుకుని
తలుపు దగ్గర కుర్చీలో కూర్చుంది,
బూట్లు కూడా తొడుక్కుని.
ఉక్కుకి లెక్కలోకే రాని ఆ పాయింట్లు
మా ఇంట్లో నిలువెత్తున నిలబడ్డాయి.
అయిదింటికి పిల్ల ఆబగా తాగింది,
నా చొక్కా మీద కక్కింది,
మళ్లీ తాగింది.

అయినా నాకు నిలకడ లేదు.
గ్లాసులో మంచు నలగ్గొట్టి, నీళ్లు పోసి, ముంచాను,
సున్నా చూపిస్తుందేమోనని.
"L" అని ఒక్క అక్షరం రాసి ఊరుకుంది.
అంత చలి దానికి తెలీదట. మంచిదే.

సోమవారం డ్యూటీకి జేబులో పెట్టుకెళ్లాను.
కొలతల గదిలో బొహుష్
బాతుని చూశాడు, నన్ను చూశాడు,
నవ్వితే నవ్వుతాడనే అనుకున్నా.
నవ్వలేదు. చేతులు కడుక్కుని
నీళ్ల తొట్టిని 38.00కి తెచ్చి
నిలబడేదాకా పావుగంట కాచుకున్నాడు.
కొలిమి కడ్డీల వరసలో
ఈ వేలెడంత ప్లాస్టిక్కు మునిగింది.
37.9.

మూడుసార్లు ముంచాడు. మూడుసార్లూ అదే.
"ఒకటి తక్కువ చెబుతుంది," అన్నాడు,
"కానీ మాట మార్చదు."

అన్ని పరికరాలకీ అతికించినట్టే
దీనికీ పచ్చ స్టిక్కరు అతికించి
తేదీ వేశాడు, తేడా రాశాడు, సంతకం చేశాడు.
కింద ఒక గడి మిగిలింది.
తర్వాతి తనిఖీ: వచ్చే మార్చి.

అప్పటికి
పట్టుకుని పడుకోబెట్టాలంటే
నేను దాని వెనకాల పరిగెత్తాలి.