చుక్క

పర్లాకిమిడిలో ముప్ఫై ఏళ్ళుగా
పెళ్ళికార్డులు అచ్చేస్తున్నవాణ్ణి.
ఒక వైపు తెలుగు, ఒక వైపు ఒడియా,
నడుమ రెండు వైపులకీ పనికొచ్చే వినాయకుడు.
కాగితం ముట్టుకుంటే బరువు చెప్పేస్తాను.
కారు దగ్గర ఆ వేళ్ళు పనిచెయ్యలేదు.

రంగు చూసి కొన్నాం.
నేరేడుపండులా ఉందంది దమయంతి.
మోడలు పేరు చెప్పను, చెబితే మీరూ నవ్వుతారు
పాతపట్నంలో టీకొట్టు ముసలాయన నవ్వినట్టు:
“ఆ బండా బాబూ? దాన్ని ఆపీసినారు కదేటి!”
నిజమే.
మేం కొన్న ఏడో నెలకే
కన్నవాళ్ళు దాన్ని మర్చిపోయారు.

ఎత్తు ఎక్కాలంటే ఏసీ ఊపిరి బిగబడుతుంది.
స్పీడ్‌బ్రేకరు కనబడితే నేను దిగుతాను, కడుపు రాసుకోకుండా.
దమయంతి దిగదు.
నలభై దాటిందా,
డాష్‌బోర్డు లోపల ఎవరో కూర్చుని
చేటతో కందులు చెరుగుతారు.

అయినా, మూడు సర్వీసులు ఉచితం కదా.
బరంపురం షోరూములో కుర్రాడు ఆ పుస్తకాన్ని
రెండు చేతులా అందించాడు, ప్రసాదంలాగ.
నూట ముప్ఫై జీఎస్ఎం ఆర్ట్ పేపరు.
చిల్లులు ఎంత వరసగా కొట్టారో!
అచ్చుపని మెచ్చుకుంటూ
అచ్చులో ఉన్నది చదవలేదు.

మొదటి ఉచితానికి తెల్లారగట్ల నాలుక్కి లేచాం.
ఒడిశాలోంచి ఒడిశాకే ప్రయాణం,
మధ్యలో ఆంధ్రా అడ్డం.
పోను నూట ఇరవై, రాను నూట ఇరవై, టోలు,
ఇచ్ఛాపురంలో ఇడ్లీ,
ఆ రోజుకి ప్రెస్సు మూత,
రెండు శుభలేఖలు ఎదురు వీధి ప్రెస్సు పాలు.
షోరూములో చల్లగా ఉంది.
నా కారులో ఉండాల్సిన చలంతా ఆ గదిలోనే ఉంది.
మూడింటికి బండి కడిగి తెచ్చారు,
బిల్లు మూడు వేల నూట ఎనభై.
“ఉచితం అన్నారుగా?”
“చెయ్యి ఉచితం సార్. ఆయిలూ ఫిల్టరూ మీవే.”

రెండోసారి ఆ చెరుగుడు గురించి అడిగాను.
తపన్‌బాబు సీట్లో కూర్చుని, కళ్ళు మూసుకుని విన్నాడు,
కచేరీకి వచ్చినవాడిలా.
“ఇది రిపేరు కాదు సార్,
ఈ మోడలు స్వభావం.”
తిరుగుదారిలో పలాస దాటాక గాని నోరు విప్పలేదు దమయంతి:
“పెళ్ళప్పుడు మా నాన్నకీ
మీ వాళ్ళు ఇదే చెప్పుంటే పోయేది.”

మూడో కూపను ఇంకా చింపలేదు.
మహేంద్రతనయ ఒడ్డున ఖగేశ్వర్ షెడ్డు.
కారుని ఒడియాలో తిడతాడు,
నన్ను తెలుగులో ఓదారుస్తాడు.
డాష్‌బోర్డు కింద మోచేతిదాకా దూర్చి తడిమి
“మందం కాగితం ఏదైనా ఉందా బాబూ?” అన్నాడు.
జేబులో ఒక పెళ్ళికార్డు ప్రూఫుంది,
పెళ్ళికొడుకు ఇంటిపేరు తప్పుపడింది.
నాలుగు మడతలు పెట్టి సందులోకి తోశాడు.
చేట ఆగింది.
ఎంతన్నాను.
“కాగితం మీదే కదా,” అని
కిరసనాయిలుతో చేతులు కడుక్కోడానికి పోయాడు.

నిన్న మంచాల షాపాయన కరపత్రం పట్టుకొచ్చాడు.
మంచం కొంటే పరుపు ఉచితం.
“ఆ ఉచితం డెబ్బై రెండు పాయింట్లలో కొట్టు,
పక్కన చిన్న చుక్క.”
ముప్ఫై ఏళ్ళుగా ఆ చుక్క నేనే పెడుతున్నాను.
కంటికి ఆనకుండా ఎక్కడ కూర్చోబెట్టాలో
ఈ తాలూకాలో నాకన్నా తెలిసినవాడు లేడు.
నిన్న ఒక సైజు పెంచాను.
ఆయన చూసుకోలేదు.
డబ్బులిచ్చి వెళ్ళిపోయాడు.

పొద్దున్న కారు తీస్తే కింద గచ్చుమీద ఇంకో చుక్క,
నల్లగా, ఆయిలుది.
దమయంతి దానిమీద పాత ప్రూఫులు పరిచింది.
కూపను గడువు ఈ నెలాఖరు.
చెయ్యి ఉచితం.
వెళ్ళాలా, మానాలా అని
ఇడ్లీతో సహా
లెక్క వేసుకుంటున్నాను.