గొంతులో వెలక్కాయ

డులూత్‌లో నవంబరు గాలి తలుపు తట్టదు.
సరస్సు మీంచి లేచి
నేరుగా మా చిమ్నీలోంచి దిగి
సోఫాలో నా పక్కన కూచుంటుంది.

అగరొత్తి వెలిగించాను, దేవుడికి కాదు, పరీక్షకి.
ఈదర లేని పూట కూడా పొగ గదిలో నిలబడలేదు.
ఫైర్‌ప్లేస్ వైపు నడుం వంచి
బడి వదిలిన పిల్లలా పరిగెత్తింది.
నిప్పు లేనిదే పొగ రాదంటారు.
ఇక్కడ నిప్పు లేకుండానే
మా గ్యాస్ బిల్లు చిమ్నీలోంచి పైకి పోతోంది.

పాణి పాత బొంత ఒకటి కుక్కాడు.
అర్ధరాత్రి అది మసితో సహా ఊడిపడింది.
తిట్టుకుందామంటే ఇద్దరి నోట్లోనూ మసే.

పక్కింటి ఆర్వో లాహ్తీ వచ్చాడు.
ముప్ఫయ్యేళ్లు రేవులో ఓడలకి ఇనుపరాయి ఎత్తించిన మనిషి.
టార్చి పట్టుకుని పొయ్యిలో వెల్లకిలా పడుకుని
చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.
పాత డాంపర్ పలక తుప్పు పట్టి
సగం తెరుచుకుని బిగుసుకుపోయిందట.
మా భాషలో దీనికో మాటుంది, అన్నాను,
గొంతులో వెలక్కాయ.
వెలక్కాయంటే ఏమిటన్నాడు.
చెప్పడానికి అరగంట పట్టింది.
ఈలోగా కాఫీ చల్లారింది, ఆ గాలికే.

రెండు దారులున్నాయన్నాడు.
చిమ్నీ నెత్తిన మూత:
రబ్బరు అంచు, స్ప్రింగు,
పైనుంచి పొయ్యిదాకా వేలాడే స్టీలు తీగ.
లాగి బిగిస్తే చీమ కూడా దూరదు.
లేదా ఉన్నచోటే, గొంతులో, కొత్త పలక.
చవకే. కానీ ఎంత బిగించినా
వెంట్రుకవాసి సందు మిగులుతుంది.

నేను మూతకే ఓటేశాను.
కొలతలకని ఆయన నిచ్చెనెక్కాడు.
ఎనిమిది, పన్నెండు, అని అంగుళాలు అరిచి
కాసేపు ఆగి,
"ఇక్కడెవరో కాపురం ఉన్నారు," అన్నాడు.

దిగొచ్చి ఫోన్‌లో ఫొటో చూపించాడు.
చిమ్నీ లోపలి గోడకి, అరచేతిలో సగం,
పుల్లల్ని ఉమ్మితో అతికించి కట్టిన గూడు.
ఖాళీ. మళ్లీ మే నెలలో వస్తాయట,
కొమ్మ మీద వాలడం రాని పిట్టలు,
నిలువు గోడకి వేలాడి నిద్రపోయేవి.
మూడు వేసవులుగా ఆ రెక్కల ఉరుము విని
నీళ్ల పైపులు పాడయ్యాయనుకున్నది నేనే.

పాణి నా వైపు చూశాడు.
నేను బిల్లు వైపు చూశాను.
"గొంతులోదే పెట్టండి," అన్నాను కోపంగా,
ఎవరి మీదో తెలియకుండా.

తుప్పు బోల్టులు రాత్రంతా నూనెలో నానాయి.
రెండు వదిలాయి. మూడోదాన్ని రంపంతో కోశాడు,
నిప్పురవ్వలు ఆయన గడ్డంలో ఆరిపోయాయి.
కొత్త పలక, చుట్టూ వేడికోర్చే తాడు,
పిడి నా ఎత్తుకి అందేలా.
ఇటుక మీద సుద్దతో రెండు బాణాలు గీశాడు.
పై బాణం పక్కన నేను "తె" అని రాశాను,
కింద "మూ".
బావుంది, మీ అక్షరాలకి మూలలే లేవన్నాడు.

రాత్రి మళ్లీ అగరొత్తి.
పొగ నిటారుగా లేచింది,
పైన ఒక్కచోట, వెంట్రుకవాసి,
పొయ్యి వైపు ఒరిగింది.
ఒరగనీ.

క్యాలెండరులో మే నెల మీద
ఎర్ర సిరాతో రాసిపెట్టుకున్నాను:
పలక తెరవకూడదు.
తెరిస్తే ఈసారి సోఫాలో
నా పక్కన కూచునేది గాలి కాదు,
రెక్కలు రాని పిల్లలు.