చటక్

ముహూర్తాలు చూసేది పెళ్ళివాళ్ళేనా?
మేమూ చూస్తాం.
నుంగంబాక్కంలో నాలుగో అంతస్తు,
గోడకి పంచాంగం తగిలించుకుని
మూఢం ఎప్పుడు విడుస్తుందో
ఎక్సెల్ షీటులో ఎర్రరంగు పూసుకుంటాం.
లగ్గాలు మొదలవడానికి ఇరవై రోజుల ముందు,
ఫొటోగ్రాఫరు చేతిలో అడ్వాన్సు పడే వారంలో
మా కెమెరా బజారుకి రావాలి.

అద్దం లేని కెమెరా.
నాలుగు వందల తొంభై గ్రాములు.
"అరకిలో కూడా లేదు" అని రాశాను.
వంకాయలా ఉంది అని కొట్టేశాడు ఇళంగో.
"రెప్పపాటు కన్నా వేగం" అని రాశాను.
కిందటేడు ఫోనుకి వాడేశాం అన్నాడు.
"అద్దం అడ్డు తొలగింది."
అందరూ తలలూపారు.
తమిళంలోకి వెళ్ళేసరికి
అద్దం ఒక దారి, అడ్డు ఒక దారి పట్టాయి.

మూడో వారంలో అసలు చిక్కు బయటపడింది.
దీనికి చప్పుడు లేదు.
నొక్కితే ఏమీ అవదు.
అంటే, ఫొటో పడుతుంది,
పడినట్టు చెవికి తెలీదు.
పరీక్షకి పిలిచిన పెళ్ళిఫొటోగ్రాఫర్లు పదకొండు మంది
నొక్కిందే నొక్కి
"పడిందా?" "పడిందా?" అని
ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.
పెళ్ళికూతురిగా కూచోబెట్టిన రిసెప్షను ప్రిసిల్లా
నవ్వు ఎప్పుడు దించుకోవాలో తెలీక
దవడలు లాగేదాకా నవ్వింది.

బడ్జెట్టులో కొత్త వరుస చేరింది: శబ్దం.
దాని పక్కన నా పేరు.

రిచీ స్ట్రీటు. వాన అప్పుడే వెలిసింది.
చార్జర్లూ వైర్ల చుట్టలూ దాటుకుంటూ పోతే
మెట్లకింద మూడడుగుల కొట్టు,
మునిరత్నం నాయుడు గారు.
ముప్పై నాలుగేళ్ళుగా
కెమెరా లోపలి అద్దాలు సరిచేస్తున్న మనిషి.
కంటికి భూతద్దం, ఒళ్ళో తెల్ల పంచె ముక్క.
జారిన మర తెలుపు మీదే దొరుకుతుందట.

ముందు రహస్య ఒప్పందం మీద సంతకం పెట్టించాను.
తమిళంలో పెట్టారు.
ఇంట్లో మాట తెలుగే, రాత రాదు.
పెట్టె విప్పాను.
లెన్సు తీసి, టార్చి వేసి
పళ్ళ డాక్టరులా లోపలికి చూశారు.

"అద్దమే లేదు గదమ్మా."
"లేదండీ."
"చెడిపోతే?"
"బోర్డు మొత్తం మార్చేస్తారు."
ఆయన ఇంకేం అడగలేదు.
మూత పెట్టి
దాని మీది నా వేలిముద్రలు తుడిచి
నా చేతికిచ్చారు.

వచ్చిన పని అప్పుడు చెప్పాను,
టేబులు కింది చీమలదండు వైపు చూస్తూ.

సొరుగులోంచి ఒకటి తీశారు, తోలు ఊడిపోయింది.
"ఇచ్చినాయన మళ్ళా రాలేదు, తొమ్మిదేండ్లు.
అద్దాన్ని మటుకు నేను పోనీలేదు."
టీ కుర్రాణ్ణి అక్కడే ఆగమన్నారు.
పక్కకొట్టు రేడియో కట్టించారు.
ఆ వీధి ఇవ్వగలిగిన అర నిమిషంలో

చటక్.

లోపల అద్దం లేచి,
వెలుతురుకి దారిచ్చి,
మళ్ళీ వచ్చి కూచుంది.
"ఇంకొకటి తీసుకోమ్మా, మొదటిదానికి తొందరపడ్నా."

చటక్.

రాత్రి ఇయర్‌ఫోన్లలో విన్నాను.
రెండోదాని వెనకాల, చాలా సన్నగా,
అలవాటుగా ఆయన గొంతు:
"పడింది."

పొద్దున్న ఇళంగో ఆ మాట కత్తిరించాడు.
చప్పుడు బాగుందన్నాడు,
కొంచెం ఖరీదుగా వినపడాలని బరువు పెంచాడు.
ఇకనించి ఎవరు నొక్కినా అదే మోగుతుంది.

లాంచికి పదహారు రోజులు.
జీఎస్టీ నంబరు లేనివాళ్ళకి డబ్బివ్వడం కుదరదని
అకౌంట్స్ వాళ్ళు తిప్పిపంపిన బిల్లు
నా టేబులు మీదే ఉంది,
గళ్ళకాగితం, బాల్‌పెన్ను:

చప్పుడు రెండు.
టీ మూడు, ఆగిన పిల్లోడిది కలిపి.