నూరువరహాలు

బర్కా నర్సరీలో ఆ కుండీకి చీటీ ఊడిపోయింది.
ఆకు తుంచి చూశాను, పాలు కారలేదు.
అయితే నందివర్ధనం కాదు, గన్నేరూ కాదు.
ఎదురెదురు ఆకులు, రెంటి నడుమ
పిల్లిగోరంత ముల్లు, గుచ్చుకోనిది.

పేరు తెలియనిదానికీ దాహం ఉంటుంది కదా.
బావినీళ్లలో ఉప్పు.
ఈనెలు మాత్రం ఆకుపచ్చగా నిలిచి
తక్కినదంతా పసుపెక్కింది,
కామెర్లు తగిలిన పిల్లాడిలా.
వాడేసిన టీపొడి, ఏసీ గొట్టం కింద పట్టిన నీళ్లు,
చిటికెడు ఇనుప మందు.
షఫీక్ నవ్వాడు: "ఆస్పత్రి తెరిచావురా."

అక్టోబరులో ఎండ కాస్త తల దించాక
కొసన ఎర్రటి సూదుల గుత్తి.
విచ్చితే ఒక్కోదానికి నాలుగే రేకులు.

"రొంగోన్" అన్నాడు షఫీక్, సిల్హెట్ యాసలో.
"చెత్తి" అన్నాడు లారీ దిగుతూనే త్రిస్సూరు సజీవన్.
నేనొక పువ్వు పీకి కాడ చీకాను.
చుక్క తేనె నాలుక మీద పడ్డాకే
నా నోటికీ పేరొచ్చింది.

"అంటే?" అన్నాడు అర్బాబ్.
వంద బంగారు నాణేలు, అన్నాను.
వేలు పెట్టి, ఓపిగ్గా లెక్కపెట్టాడు. డెబ్బై ఒకటి.
"తక్కువిచ్చారు నీకు" అని
రియాలున్నర చీటీ అంటించి పోయాడు.

మిగతా ఇరవై తొమ్మిదీ మొగ్గలో ఉన్నాయి.
సాయంత్రం ఆ చీటీ ఊడదీసి
వెనక తెలుగులో రాసి, మళ్లీ అంటించాను.