రెండు పుస్తకాలు

ఇత్సుయె పరిచే నాచు వరసలు
పాపిట తీసినట్టుంటాయి ఎప్పుడూ.
రిషిరి దీవి గులకరాళ్ల మీద
ఒక పట్టీ ఇంకో పట్టీని తాకకుండా,
మడత పడకుండా, తోకలన్నీ పడమటికి.

ఆ జూలై తెల్లవారుజామున
వరసలు వంకర పోయాయి.

ముందు నవ్వారు.
డెబ్బై తొమ్మిదేళ్ల మనిషి, నిద్ర చాలలేదనుకున్నారు.
ఆమె సముద్రపు కాకుల్ని నిలబెట్టి తిట్టింది.
మొగుడు తోకుజిని
"మీరెవరి తాలూకండీ" అని అడిగింది.
అప్పుడు కూడా ఆయన నవ్వాడు, కాస్త ఆలస్యంగా.

చలిగాలి. అందరి చేతులూ చంకల్లో ఉన్నాయి.
ఆమె మెడ మీద మాత్రం చెమట,
జారి కాలరులోకి ఇంకుతూ.
చేతులు వణకలేదు.
గుండె దడదడలాడలేదు.
అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.

క్లినిక్‌లో నర్సు వేలు పొడిచింది.
ముప్ఫై ఎనిమిది.

రేవు పక్కన మందుల కొట్టు నాది.
మర్నాడు ఆమె వచ్చి, ఏదో తప్పు చేసినట్టు,
బల్ల మీద రెండు పుస్తకాలు పెట్టింది.
ఆకుపచ్చది నాకు తెలుసు,
ఆరేళ్లుగా గ్లిమెపిరైడ్ చీటీలు అంటించింది నేనే.
నీలంది ఎన్నడూ చూడలేదు.
అది పడవ సంచీలో ఉంటుందట,
కమలాపండుతో, వాంతి కవరుతో,
జలసంధి దాటి వక్కనాయ్ వెళ్లినప్పుడు
గుండె ఆసుపత్రిలో తీస్తుందట.
అందులో సిబెంజొలిన్. దాని కింద బిసొప్రొలోల్.

"రెండెందుకు?" అన్నాను.
"గుండెది గుండెకి, చక్కెరది చక్కెరకి.
పాలగిన్నెలో నూనె పోస్తామా?"

ఏం చెప్పను?
సిబెంజొలిన్ గుండెకి లయ నేర్పడానికి వచ్చింది.
పోతూ పోతూ క్లోమం తలుపు తట్టింది.
అక్కడ గ్లిమెపిరైడ్ అప్పటికే నిలబడి ఉంది,
ఆరేళ్లుగా అదే తలుపు, అదే పిలుపు.
ఒక్కరు పిలిస్తే చాలినచోట
ఇద్దరూ కలిసి ఇన్సులిన్‌ని బయటికి పిలిచారు.
మూత్రపిండాలు ముసలి గుమాస్తాలు,
నిన్నటి మాత్రని ఇవాళ కూడా సాగనంపలేదు.
ఇక బిసొప్రొలోల్, పాపం, మంచిదే.
గుండెని గట్టిగా అరవొద్దంది.
అరవలేదు.
ఇల్లు అంటుకున్నా అరవలేదు.
దాని మాట విననిది
చెమట ఒక్కటే.

ప్రతి నెలా అడిగేవాణ్ణి,
దద్దుర్లు వచ్చాయా, జ్వరం ఉందా,
నాచు ధర ఈ ఏడు ఎలా ఉంది అని.
ఇంకో పుస్తకం ఉందా అని అడగలేదు.
ఉన్నది నిండుగా కనిపించింది మరి.

ఇద్దరు డాక్టర్లకీ ఫోను చేశాను.
ఒకాయన రోగి దగ్గర, ఒకావిడ భోజనానికి.
రిసీవర్‌లో ఏదో పియానో, మళ్లీ మొదటి నుంచి.
ఈలోగా ఇత్సుయె బల్ల మీద వేలితో లెక్క కడుతోంది:
పదకొండు పట్టీలు పాడు, అవి రెండో రకం కింద పోతాయి.
తన సంగతి అడగలేదు.

కత్తెర తీశాను.
నీలం పుస్తకంలోని చీటీలు కత్తిరించి
ఆకుపచ్చలో, వాటి పక్కన వీటిని అంటిస్తుంటే
"అట్ట పారేయకు, కొంగ బొమ్మ బాగుంటుంది" అంది.
పారేయనన్నాను.

"ఇప్పుడు వీళ్లు ఒకరినొకరు చూసుకున్నట్టేనా?"
"చూసుకున్నారు."
"పోట్లాడుకుంటారా?"
"ఎవర్ని ఉంచాలో, ఎవర్ని పంపాలో
డాక్టర్లు తేల్చాలి. అందాకా నేను ఫోను వదలను."

గ్లూకోజు బిళ్లలు ఆమె గుప్పిట్లో పోశాను.
"చెమట పట్టిందంటే వేసుకోండి, ఆలోచించకుండా."
"నాచు ఎత్తేటప్పుడు ఎవరికైనా పడుతుంది కదా?"
"చలేస్తున్నప్పుడు పట్టే చెమట" అన్నాను.

ఆమె ఒక బిళ్ల మూతి చింపి వాసన చూసింది,
నిమ్మ, అంది,
మళ్లీ జాగ్రత్తగా మడిచి
జేబులో వేసుకుంది.